తొలి ఆకు పడిన వేళ

మా ఇంట్లో అందరూ కూర్చునేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు. అది మా అమ్మ పెట్టిన చట్టం. అమ్మకి వాళ్ళమ్మ పెట్టింది. ఆవిడకి ఎవరు పెట్టారో తెలియదు. కంచాల్లో అన్నం పొగలు కక్కుతూ ఉండేది. చేపల పులుసు వాసన రైల్వే వాళ్ళ ట్రాఫిక్ కాలనీలో మా లైను చివరిదాకా వెళ్ళేది. నేను మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని నాన్న కోసం కూర్చోవాలి. ఆయన డ్యూటీ దిగి, సైకిలు గోడకి ఆనించి, మోచేతులదాకా గ్రీజు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాక, అమ్మ చేతిలో గరిటెతోనే నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. ఆమేన్ అన్నాకే ముద్ద. ఆకలికి ఆగలేని పిల్లని నేను. ఒకసారి ప్రార్థన మధ్యలో అప్పడం విరిచాను. ఆ చప్పుడుకి అమ్మ ఒక కన్ను తెరిచి చూసింది. ఆ పూట నాకు అప్పడం లేదు.

ఈ చట్టం వల్లే నా పరిశోధన నట్టేట మునగబోయింది, ఈ చట్టం వల్లే ఒడ్డుకీ చేరింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ గర్వమూ కలిసి వస్తాయి కానీ, అప్పుడు మాత్రం ఏడ్చాను.

నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన తాత విజయనగరం అవతల నుంచి రైలెక్కి వచ్చి ఇక్కడ దిగాడట. ఆ తర్వాత మా వాళ్ళెవరూ వెనక్కి వెళ్ళలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ మాట్లాడుతూ పెరిగాను. అమ్మ ఐదో తరగతి దాకా చదివింది. నేను ఎమ్మెస్సీ చేసి, ఎనభైల చివర్లో కాలేజీలో జంతుశాస్త్రం పరిశోధనకి చేరాను. ఏ విషయం మీద అని కాలనీలో అడిగితే పట్టుపురుగు మీద అని చెప్పేదాన్ని. ఇంత చదువూ పురుగుల కోసమా అన్నట్టు చూసేవారు.

నిజానికి నేను పట్టుకున్నది పురుగును కూడా కాదు, దాని కడుపులో రెండు పక్కలా మెలికలు తిరిగి ఉండే పట్టు గ్రంథిని. పట్టుపురుగు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. నాలుగోసారి విడిచి ఐదో దశలోకి వచ్చాక వారం రోజులు ఆవురావురుమని ఆకు తిని, తిన్నదాన్నంతా దారంగా కక్కుతుంది. ఆ దారం తయారయ్యే చోటు ఈ గ్రంథి. ఇందులో ఒక విడ్డూరం ఉంది. పురుగు ఇంకా గుడ్డులో ఉండగానే గ్రంథికి ఎన్ని కణాలు కావాలో అన్నీ ఏర్పడిపోతాయి. ఆ తర్వాత వాటి సంఖ్య పెరగదు, కణాలే లావెక్కుతాయి. కణం చీలకుండానే దాని లోపల డీఎన్‌ఏ మాత్రం రెట్టింపై, మళ్ళీ రెట్టింపై, మళ్ళీ రెట్టింపవుతూ పోతుంది. ఐదో దశ మొదట్లో ఈ తయారీ జోరుగా సాగుతుంది. అది నెమ్మదించే వేళకి, పట్టుకి కావలసిన ముడిసరుకు అందించే ఎంజైములు చురుకెక్కుతాయి. ఏది ఏ గంటకి మొదలవుతుంది, దాని వెనకాల ఏది అందుకుంటుంది అని గ్రాఫు కాగితం మీద గీత గీసి చూపించడం నా పని.

ఇదంతా ఒక ఆదివారం నాన్నకి చెప్పాను. ఆయన బీడీ ఆర్పాడు.

"షాపదే, మనుషులూ ఆళ్ళే. డ్రాయింగు ఒకటే ఉందనుకో, దాని సుట్టూ అందరూ మూగాల. కాపీలు తీసి బెంచీకొకటి ఇచ్చినావనుకో, మరి పని పరుగెత్తదేటి?" అన్నాడు.

పుస్తకాల్లో అన్ని పేజీల్లో చెప్పింది ఆయన మూడు ముక్కల్లో చెప్పాడు. ఆ మాటని నా నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను.

మొదట్లో పురుగుల్ని కాలేజీలోనే పెంచాము. ఒక సెలవు రోజున ఎవరో పక్కగదిలో చెదల మందు కొట్టి వెళ్ళారు. పట్టుపురుగుకి ఘాటు పడదు. మర్నాడు తలుపు తీస్తే తట్టల్లో ఒక్కటీ కదలలేదు. నాకు గైడు అయిన సార్ బెంగాలీ ఆయన. మెత్తటి మనిషి, గట్టి పరీక్షకుడు. గుమ్మంలోంచే ఆ తట్టలు చూసి, "ఇంటి దగ్గర పెంచగలవా?" అని అడిగారు.

"మా అమ్మ పెంచుతుంది సార్" అనేశాను. అమ్మని అడగనేలేదు.

"పురుగులా? ఇంట్లోనా? ఓలమ్మో, నీకు బుర్రగానీ తిరిగినాదేటే?" అన్నది అమ్మ. ఆ కోపం రెండు రోజులు నిలిచింది. మూడో రోజు నేను వచ్చేసరికి కత్తిపీట ముందేసుకుని మల్బరీ ఆకుని పొగాకు తరిగినంత సన్నగా తరుగుతోంది. వారం తిరిగేసరికి ముందుగది పురుగులది, మేము ఓ మూల సర్దుకునే అద్దెవాళ్ళం. దోమల చక్రం బందు. నాన్న బీడీ వీధి మలుపు దాటాకే. మిరపకాయల తాలింపు బందు. తాలింపు లేని పప్పు తిని తిని నాన్న మొహం కూడా పప్పులాగే తయారైంది. ఆయనొకసారి గట్టిగా తుమ్మితే అమ్మ తట్టల మీద పైట కప్పింది.

నేను పొద్దున్నే కాలేజీ తోటలో ఆకు కోసి, తడి గోనెసంచిలో చుట్టి, సైకిలు మీద ఇంట్లో పడేసి మళ్ళీ కాలేజీకి పోయేదాన్ని. పగలంతా మేత బాధ్యత అమ్మదే. అన్నిటికన్నా ముఖ్యమైన పని నాలుగో నిద్ర దగ్గర వస్తుంది. కుబుసం విడిచే ముందు పురుగులు మేత మానేసి, తల పైకెత్తి ఒక రోజు పైగా కదలకుండా ఉంటాయి. దాన్నే నిద్ర అంటాము. లేవడం మాత్రం అన్నీ ఒకేసారి లేవవు. మాకు గడియారంతో పని లేదు, ఊరంతా వర్క్‌షాపు సైరను మీదే నడిచేది. అందుకని అమ్మకి సైరను లెక్కలోనే చెప్పాను. పొద్దుటి సైరనుకి లేచినవి ఒకటో తట్టలో, మధ్యాహ్నం సైరనుకి లేచినవి రెండో తట్టలో, సాయంత్రం సైరనుకి లేచినవి మూడో తట్టలో వేసి, లేచినవాటికి లేచినట్టే ఆకు వెయ్యమన్నాను. వర్క్‌షాపులో ప్రతి మనిషికీ నంబరేసిన ఇత్తడి టోకెను ఉంటుంది. నాన్న అలాగే టిన్ను రేకు ముక్కలు గుండ్రంగా కత్తిరించి, అంకెలు కొట్టి, తట్టకొకటి వేలాడదీశాడు. అమ్మ అంతా విని తలూపింది.

ఆ తర్వాత ప్రతి తట్ట నుంచీ గంటల లెక్కన కొన్ని పురుగులు కాలేజీకి తీసుకెళ్ళేదాన్ని. చల్లటి ఉప్పునీటిలో కోసి, గ్రంథి బయటికి లాగి, దారాన్ని తయారుచేసే వెనక భాగాన్ని వేరు చేసి మంచు మీద నూరాలి. మంచు ఝపటాపూర్‌ బజారులో చేపలమ్మే బెంగాలీ దాదా దగ్గర తెచ్చేదాన్ని కాబట్టి నా పరిశోధన మూడేళ్ళూ ఇలిస చేప వాసనే. డీఎన్‌ఏ ఉన్న ద్రవానికి ఒక రసాయనం కలిపి మర్నాటిదాకా ఉంచితే నీలం తేలుతుంది. నీలం ఎంత ముదురైతే డీఎన్‌ఏ అంత ఎక్కువ. ఎంజైముకి అలాగే గోధుమ రంగు వస్తుంది.

లేచిన ఇరవైనాలుగు గంటలకి తీసిన పురుగు ఏ తట్టదైనా ఒకే నీలం రావాలి కదా! రాలేదు. మూడో తట్టది సిరా నీలం, ఒకటో తట్టది ఉతికి ఉతికి వెలిసిన చొక్కా నీలం, రెండో తట్టది ఆ రెండింటికీ మధ్య ఎక్కడో. గీత గీస్తే పిల్లలు గోడ మీద బొగ్గుతో గీకినట్టు వచ్చింది. గుడ్ల నుంచి మళ్ళీ మొదలుపెట్టి రెండో పంట పెంచాను. మళ్ళీ అంతే. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మొదట రంగు కొలిచే యంత్రాన్ని తిట్టాను. రసాయనాలు మార్చాను. మంచు సరిగా లేదని చేపల దాదాతో తగాదా పడ్డాను. మద్దెల బాగానే ఉందని తేలాక ఇక తిట్టడానికి నేనే మిగిలాను.

సార్ ఒక మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి, తన టీ నా వైపు జరిపారు. ఆయన టీ జరిపారంటే మాట కటువుగా ఉంటుందని అర్థం. "మూడేళ్ళ పని చూడటానికి యూనివర్సిటీ కమిటీ వస్తోంది. ఇంకొక్క పంటకే సమయముంది. ఈసారి కూడా గీత రాకపోతే ఈ విషయం వదిలెయ్యాలి" అన్నారు. విషయం వదిలెయ్యడమంటే మళ్ళీ మొదటి నుంచి మూడేళ్ళు. మా ఇంట్లో అంత ఓపికకి చోటు లేదు. విషయం వదలడమంటే చదువు వదలడమేనని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

మూడో పంట నాలుగో నిద్ర నుంచి లేచే రోజున నేను కాలేజీకి వెళ్ళలేదు. నా కళ్ళతోనే చూడాలనుకున్నాను. పొద్దున ఆకు కొయ్యడానికి వెళ్తే తోటలో మంచి ఆకు దొరక్క ఆలస్యమైంది. సంచీ వేసుకుని ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం సైరను మోగుతోంది.

ముందుగదిలో అమ్మ చాప మీద కూర్చుని ఉంది. ఒడిలో నిన్న మిగిలిన ఆకుల బుట్ట, దాని మీద తడిగుడ్డ. ఒకటో తట్టలో పురుగులు పొద్దుటి నుంచీ మేలుకుని తలలు ఇటూ అటూ ఆడిస్తూ వెతుక్కుంటున్నాయి. రెండో తట్టలోవి అప్పుడే లేచి కుబుసం దులుపుకుంటున్నాయి. రెండు తట్టల్లోనూ ఒక్క ఆకు లేదు.

"అమ్మా, ఏటి సేస్తన్నావు? ఇవి లెగిసినాయి కదా, ఆకెయ్యలేదేటి?"

"ఉండే. ఆ మూడో తట్టోలు ఇంకా లెగలేదు."

"ఆటికీ ఈటికీ ఏటి పని?"

"ఏటి పనేటే? అందరూ లెగిసినాక ఒకేపాలి ఏస్తాను. ఒకలు తింటంటే ఒకలు పస్తు పడుకోవాలేటి?"

సంచీ కింద పడేశాను. "ఎప్పటినుంచి ఇలాగ సేస్తన్నావు?"

"మొదటినుంచీని. సాయంత్రం సైరనుకి ఆఖరోడు లెగుస్తాడు. అప్పుడు ప్రార్థన సేసి ఆకేస్తాను" అన్నది అమ్మ, అందులో దాచడానికేమీ లేనట్టు.

రెండు పంటలు. పొద్దున్నే లేచిన పురుగులు సాయంత్రందాకా ఖాళీ కడుపుతో ఉన్నాయి. నేనేమో వాటిని పొద్దుటి నుంచే లెక్కేశాను. నా మూడేళ్ళూ కళ్ళముందు కొట్టుకుపోయాయి. కోపం నా ముక్కు మీదే ఉంటుంది, అది నోట్లోకి దిగడానికి ఎంతసేపు?

"ఐదో క్లాసు సదివినదానికి అప్పజెప్పినాను సూడు, నాదీ బుద్ధితక్కువ!" అని అరిచాను.

అమ్మ బుట్ట నేల మీద పెట్టి, తడిగుడ్డ మళ్ళీ సరిగా కప్పి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల నుంచి గిన్నె చప్పుడు కూడా రాలేదు. అన్న మరుక్షణమే నాలుక కొరుక్కున్నాను, కానీ నోరు జారిన మాటని ఏ ఉప్పునీటిలో కడుగుతాం!

నాన్న భోజనానికి వచ్చాడు. ఇంట్లో గాలి చూసే ఏదో జరిగిందని గ్రహించాడు. నేను ఏడుస్తూ అంతా చెప్పాను. ఆయన చేతులు కడుక్కుని తట్టల పక్కన చతికిలబడ్డాడు.

"గుంటా, ఒక మాట సెప్పు. నేను పొద్దున ఏడింటికి గేటు కాడ టోకెనేసినాను. సామాను తొమ్మిదింటికి గానీ బెంచీ మీదికి రాలేదు. మరి నా పని ఏడింటికి మొదలైనట్టా, తొమ్మిదింటికా?"

"తొమ్మిదింటికి."

"మరి నీ పురుగుకో?" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. లేవడం గేటు దగ్గర టోకెను వెయ్యడం. తొలి ఆకు బెంచీ మీదికి సామాను రావడం. నేను మూడేళ్ళుగా గేటు దగ్గర కూర్చుని పని లెక్కేస్తున్నాను!

థీసిస్‌లో బొమ్మల కోసమని మలంచా బజారులో కొన్న ట్రేసింగు కాగితాలు ఇంట్లోనే ఉన్నాయి. మొదటి పంటలో మూడు తట్టల గీతలూ మూడు కాగితాల మీద వేరువేరుగా దించాను. లేచిన గంటలు ఒకదానికొకటి సరిపోయేలా పేర్చితే అదే బొగ్గు గీకుడు. అప్పుడు ఒకటో కాగితాన్ని ఎడమకి జరిపాను, మూడు తట్టల్లోనూ తొలి ఆకు పడిన సాయంత్రం సైరను ఒకే చోటికి వచ్చేదాకా. రెండో కాగితాన్నీ జరిపాను. మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మొదట నెమ్మదిగా, తర్వాత నిట్టనిలువుగా లేచి, పైన ఒరిగి, అన్నీ ఒకే దారిన పోయాయి. వెంటనే రెండో పంట గీతలూ దించి జరిపాను. అవీ అంతే. ఎంజైము గీతలూ అంతే.

పురుగు మేలుకున్నంత మాత్రాన గ్రంథి మేలుకోదు. తొలి ఆకు కడుపులో పడ్డాకే డీఎన్‌ఏ తయారీకి గంట మోగుతుంది. అంతకు ముందెవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు, నాకు మాత్రం ఆ మధ్యాహ్నం మా ముందుగదిలో చాప మీద తెలిసింది.

కానీ జరిగిపోయినవాటిని కాగితం మీద జరుపుకుంటే కమిటీ ఒప్పుకోదు. కావాలని చేసి చూపించాలి. రెండో తట్టలోవి అన్నీ అప్పుడే లేచినవి. వాటిని సగం చేసి, ఒక సగానికి ఇప్పుడే ఆకు వెయ్యాలి, రెండో సగానికి సాయంత్రం సైరను దాకా ఆపాలి. లేచిన వేళ ఒకటే, తొలి ఆకు పడే వేళ వేరు. ఏది నిజమో అదే తేలుతుంది.

వంటింటి గుమ్మంలోకి వెళ్ళాను. అమ్మ గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది.

"అమ్మా, తప్పు నాది. నేనలాగ అనకూడదు. నువ్వు లేకపోతే నాకీ సంగతి ఈ జన్మలో తెల్సేది కాదు" అన్నాను.

అమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. "ఆకు వాడిపోతంది. ఏటి సెయ్యాలో బేగి సెప్పు" అన్నది.

చెప్పాను. ఒకటో తట్టకి, రెండో తట్టలో ఒక సగానికి ఆకు వేసింది. రెండో సగం దగ్గర చెయ్యి ఆగిపోయింది. "ఈటేం పాపం సేసినాయే?" అన్నది. సాయంత్రందాకా ఆపక తప్పదన్నాను. అయితే వాటితో పాటు తానూ ముట్టనని చాప మీద కూర్చుంది. అమ్మ ముట్టనప్పుడు నేనెలా ముడతాను? నేనూ కూర్చున్నాను.

"మరి నాకో?" అన్నాడు నాన్న.

"డ్యూటీకెళ్ళేవోళ్ళు తినొచ్చు" అన్నది అమ్మ. చట్టంలో అదొక్కటే మినహాయింపు.

ఆకలికి ఆగలేని పిల్లని అని ముందే చెప్పాను. ఆ మధ్యాహ్నం ఆగాను. తలలాడిస్తున్న ఆ సగం తట్ట ముందు తల్లీకూతుళ్ళం ఇద్దరమూ కడుపు మాడ్చుకుని కూర్చున్నాము. సాయంత్రం సైరను కూయగానే అమ్మ కళ్ళు మూసుకుని ఎప్పుడూ లేనంత చిన్న ప్రార్థన చేసింది. ఆకు పడింది. పురుగులు మేస్తున్న చప్పుడు గదంతా నిండాక, అమ్మ నాకు చల్లారిన అన్నం పెట్టింది.

మర్నాటి నుంచి ఆ రెండు సగాల్లోంచీ గంటగంటకీ లెక్కపెట్టి పురుగులు తీసుకెళ్ళాను. రంగు తేలే రోజున పొద్దున్నే ప్రయోగశాల తలుపు నేనే తీశాను. కిటికీ వెలుతురులో గాజు గొట్టాలు రెండు వరసలుగా నిలబెట్టాను. లేచిన గంటల్ని బట్టి చూస్తే రెండు వరసలకీ పొత్తు లేదు. రెండో వరసని జరిపి, తొలి ఆకు గంటకి తొలి ఆకు గంట ఎదురుగా పెట్టాను. గొట్టానికి గొట్టం అదే నీలం. లేత నీలం ఎదురుగా లేత నీలం, సిరా నీలం ఎదురుగా సిరా నీలం. నాలుగైదు రోజులకి ఎంజైము గోధుమ రంగూ అదే వరసలో నడిచింది. డీఎన్‌ఏ ముందు, ఎంజైము వెనక. నాన్న చెప్పినట్టు ముందు డ్రాయింగు కాపీలు, తర్వాత పని. ఆ గదిలో ఎవరూ లేరు కాబట్టి చెబుతున్నాను, నేను గెంతాను. చెప్పులు ఒక మూలకి, నేను ఒక మూలకి.

సార్ వచ్చి ట్రేసింగు కాగితాల్ని కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నారు. జరిపారు. వెనక్కి జరిపి మళ్ళీ కలిపారు. "ఆరే బాః" అన్నారు, అంత పెద్ద మనిషి, చిన్నపిల్లాడిలాగా. ఆకు ఆపాలని ఎవరికి తోచిందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ సాయంత్రం మలంచా నుంచి సందేశ్ మిఠాయి పొట్లం తెప్పించి, "ఇది నీకు కాదు, మీ అమ్మగారికి" అని చేతిలో పెట్టారు. ఈసారి టీ నాకు వేరే కప్పులో వచ్చింది.

కమిటీ దాటాను. ఇంకో నాలుగు పంటలు పెంచాము. తొంభైలు వచ్చాక థీసిస్ ఇచ్చాను. నోటి పరీక్ష రోజున అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్ళాను. నాన్న పెళ్ళినాటి కోటు వేసుకున్నాడు, బొత్తాలు పట్టలేదు. అమ్మని పట్టుచీర కట్టుకోమంటే వినలేదు. పట్టు కోసం ఆ పురుగుల్ని ఏం చేస్తారో తెలిశాక ఆవిడ పట్టు కట్టడం మానేసింది. నేతచీరలో వచ్చి ఆఖరి వరసలో కూర్చుంది.

పరీక్షకి దూరం నుంచి వచ్చిన పెద్దాయన చాలా ప్రశ్నలు వేశారు. అన్నీ తట్టుకున్నాను. చివరికి పుస్తకం మూసి, "తొలి ఆకుని ఆపి చూడాలన్న ఆలోచన ఇందులో అన్నిటికన్నా చక్కటిది. అది మీకెలా వచ్చింది?" అన్నారు. నాకు పుస్తకాల పేర్లు చెప్పే అవకాశం ఉంది. చెప్పబుద్ధి కాలేదు.

"నాకు రాలేదండి. మా అమ్మ చేసింది. ఆవిడ అక్కడ కూర్చున్నారు" అన్నాను.

గదిలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. పెద్దాయన బెంగాలీలో, "దీదీ, లేచినవాటికి ఆకు ఎందుకు వెయ్యలేదు?" అని అడిగారు. అమ్మ పైట సర్దుకుని లేచి నిలబడింది. భయపడుతుందనుకున్నాను. ఇసుమంత కూడా భయపడలేదు. బజారులో కూరగాయలు బేరమాడే ఆ బెంగాలీలోనే, ఒకరు నిద్రపోతుంటే ఇంకొకరు తినడం మా ఇంట్లో లేదనీ, పురుగులైనా మా ఇంట్లో పెరిగినవే కదా అనీ చెప్పి కూర్చుంది. పెద్దాయన ముందు చప్పట్లు కొట్టారు. తర్వాత గదంతా కొట్టింది. నా పేరు ముందు డాక్టరు చేరినందుకు ఆ రోజు నేను అంత పొంగలేదు. ఆ చప్పట్లకి పొంగిపోయాను.

ఇంటికి వచ్చాక అమ్మ చేపల పులుసు పెట్టింది, మిరపకాయల తాలింపుతో. ముందుగదిలో ఇప్పుడు తట్టలు లేవు. నాన్న కూర్చున్నాడు, నేను కూర్చున్నాను. కంచాల్లో అన్నం పొగలు కక్కుతోంది. అమ్మ గరిటె పట్టుకుని నిలబడి ప్రార్థన చేసి ఆమేన్ అన్నది. నేను చెయ్యి కదపలేదు.

"ఏటే, తినవేటి? సల్లారిపోతాది."

"అందరూ కూకోలేదు కదమ్మా."

అమ్మ గదంతా చూసింది, ఇంకా ఎవరు రావాలా అని. మేమందరమూ కూర్చున్నామా అని ఇన్నేళ్ళూ లెక్కపెట్టిన మనిషి, ఆ లెక్కలో తనని ఎన్నడూ వేసుకోలేదు. మేమూ వెయ్యలేదు. అందరూ తిన్నాక వంటింట్లో ఒక్కతే తినేది. ఎన్నో గంటకి ఏ పురుగు తిన్నదో చెప్పగలిగిన నేను, మా అమ్మ ఏ వేళకి తింటుందో ఒక్కనాడూ చూడలేదు.

నాన్న లేచి, ఆవిడ చేతిలో గరిటె తీసుకుని, తన పక్కన పీట వేశాడు. "కూకో. నువ్వు ముట్టనంతవరకు ఎవరం ముట్టం" అన్నాడు.

"సోద్యం కాకపోతే!" అని గొణుగుతూ కూర్చుంది అమ్మ. నేను కంచం తెచ్చి వడ్డించాను. ఆ పూట మా ఇంట్లో తొలి ముద్ద అమ్మ తిన్నది.